కార్ల్ ఫ్రెడ్రిక్ మేయర్

కార్ల్ ఫ్రెడ్రిక్ మేయర్ (1884 మే 19 - 1974 ఏప్రిల్ 27) స్విట్జర్లాండ్‌లో జన్మించి అమెరికాలో స్థిరపడిన సుప్రసిద్ధ పశువైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. జంతువుల నుండి మనుషులకు సంక్రమించే వ్యాధుల అధ్యయనానికి పునాదులు వేసినవారిలో ఇతడు ముఖ్యుడు. 1930లో కాలిఫోర్నియాలో వేలాది గుర్రాలను బలిగొన్న మెదడువాపు వ్యాధికి ఒక వైరస్ కారణమని ఇతని బృందం నిరూపించింది. ఆ వైరస్‌ను దోమలు వ్యాపింపజేస్తాయని, అది మనుషులకు కూడా సోకుతుందని తరువాతి పరిశోధనలలో తేలింది. గుర్రాలలో ఈ వ్యాధిని కనిపెట్టి ఉండటం ద్వారా మనుషులకు రాబోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టే పద్ధతికి ఈ పరిశోధనలే ఆధారం. డబ్బాలలో నిలువచేసిన ఆహారం విషపూరితం కాకుండా చేసే పద్ధతులు, ప్లేగు, చిలకల జ్వరం, బ్రూసెల్లోసిస్ మొదలైన అంశాలలో కూడా ఇతని కృషి ఎన్నదగినది.

బాల్యం, విద్యాభ్యాసం

మేయర్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించాడు. ఆ నగరం రైన్ నది ఒడ్డున, జర్మనీ, ఫ్రాన్స్ సరిహద్దుల వద్ద ఉన్నది. ప్రాథమిక విద్య, కళాశాల విద్య బాసెల్‌లోనే ప్రారంభమయ్యాయి. తరువాత జ్యూరిక్, బెర్న్ మొదలైన నగరాలలోని విశ్వవిద్యాలయాలలో జీవశాస్త్రం, పశువైద్యం అభ్యసించాడు. జ్యూరిక్‌లో హైన్రిక్ జాంగర్ అనే ఆచార్యుని ప్రభావం ఇతనిపై ఎక్కువగా పడింది. వ్యాధిని రోగి శరీరానికి పరిమితం చేసి కాక, పరిసరాలతోనూ సమాజంతోనూ కలిపి చూడాలన్న దృష్టి ఇతనికి ఆ రోజులలోనే ఏర్పడింది. జ్యూరిక్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టా పొందాడు.

మనుషుల వైద్యం చదవకుండా పశువైద్యాన్ని ఎంచుకోవడం ఇతని జీవితంలో ముఖ్యమైన మలుపు. పశువైద్యునికి గొడ్డు, గుర్రం, పక్షి, పురుగు అన్నింటితోనూ పని ఉంటుంది. ఒక ప్రాణి వ్యాధి మరొక ప్రాణికి ఎలా చేరుతుందన్న ప్రశ్న ఆ వృత్తిలో నిత్యం ఎదురవుతుంది. మేయర్ తన జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే పనిచేశాడు.

దక్షిణాఫ్రికాలో

1908లో మేయర్ దక్షిణాఫ్రికా వెళ్ళి ప్రిటోరియా సమీపంలోని ఆండర్‌స్టెపోర్ట్ పశువైద్య పరిశోధన సంస్థలో చేరాడు. ఆ సంస్థకు అధిపతి ఆర్నాల్డ్ థీలర్. అతడు కూడా స్విట్జర్లాండ్ దేశస్థుడే. ఆఫ్రికాలో గుర్రాలను పెద్దసంఖ్యలో చంపే అశ్వరోగం మీద పరిశోధనలు చేసి అప్పటికే పేరు పొందాడు. తరువాతి కాలంలో పీతజ్వరం టీకాకు నోబెల్ బహుమతి పొందిన మాక్స్ థీలర్ ఇతని కుమారుడే.

అక్కడ మేయర్ పశువులకు వచ్చే తూర్పుతీర జ్వరంపై పనిచేశాడు. ఇది గోమార్ల ద్వారా వ్యాపించే పరాన్నజీవి వ్యాధి. జబ్బుపడిన పశువు రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువుకు ఎక్కించినా ఈ వ్యాధి రాకపోవడం శాస్త్రజ్ఞులకు చిక్కుప్రశ్నగా ఉండేది. జబ్బుపడిన పశువు ప్లీహపు ముక్కలను ఆరోగ్యవంతమైన పశువు ఉదరంలో అమర్చితే వ్యాధి సంక్రమిస్తుందని మేయర్ 1909లో చూపాడు. దీనితో ఆ పరాన్నజీవి జీవితచక్రంలో ఒక దశ స్పష్టమైంది. వ్యాధికారకం శరీరంలో ఏ భాగంలో, ఏ సమయంలో దొరుకుతుందో తెలుసుకుని వెదకాలన్న ఈ పాఠం ఇరవై ఏళ్ళ తరువాత గుర్రాల విషయంలో ఇతనికి బాగా ఉపయోగపడింది.

అమెరికాలో

1910లో మేయర్ అమెరికా చేరి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. 1913లో మేరీ ఎలిజబెత్ లిండ్సేను వివాహం చేసుకున్నాడు. అదే సంవత్సరం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడి నుండి శాన్‌ఫ్రాన్సిస్కోలోని జార్జ్ విలియమ్స్ హూపర్ వైద్య పరిశోధన సంస్థలో చేరాడు. ఆ సంస్థకు మొదటి సంచాలకుడైన జార్జ్ విపుల్ 1921లో వెళ్ళిపోయిన పిదప మేయర్ తాత్కాలికంగా ఆ బాధ్యత స్వీకరించాడు. 1924 నుండి 1954 వరకు పూర్తిస్థాయి సంచాలకునిగా పనిచేశాడు.

1920లో షా అనే సహచరునితో కలిసి మేయర్ ఒక ముఖ్యమైన ప్రతిపాదన చేశాడు. మాల్టా జ్వరాన్ని కలిగించే సూక్ష్మజీవి, ఆవులలో గర్భస్రావానికి కారణమయ్యే సూక్ష్మజీవి దగ్గరి సంబంధం కలవని ఆలిస్ ఎవాన్స్ 1918లో చూపింది. ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చి, డేవిడ్ బ్రూస్ గౌరవార్థం బ్రూసెల్లా అని పేరు పెట్టాలని మేయర్, షా సూచించారు. ఆ పేరే స్థిరపడింది.

డబ్బా ఆహారంలో విషం

1919-20 సంవత్సరాలలో కాలిఫోర్నియాలో తయారైన ఆలివ్ పండ్ల డబ్బాలు తిని అమెరికాలోని పలు నగరాలలో మనుషులు మరణించారు. బోటులిజం అనే ఈ విషప్రభావానికి కారణం మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి. గాలి సోకని డబ్బాలో దీని బీజాలు మొలకెత్తి తీవ్రమైన విషాన్ని ఉత్పత్తి చేస్తాయి. డబ్బా ఆహార పరిశ్రమ మూతపడే పరిస్థితి ఏర్పడింది. దీనిపై పరిశోధించిన శాస్త్రజ్ఞులలో మేయర్ ప్రముఖ పాత్ర వహించాడు. ఎస్టీ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, ఈ బీజాలు నశించడానికి ఎంత వేడి, ఎంతసేపు కావాలో లెక్కకట్టి 1922లో ప్రకటించాడు. తక్కువ ఆమ్లం గల ఆహారాన్ని డబ్బాలలో నిలువచేసేటపుడు ఆవిరి ఒత్తిడితో వేడిచేసే ప్రమాణాలకు నేటికీ ఈ లెక్కలే మూలం. 1925లో కాలిఫోర్నియా రాష్ట్రం డబ్బా ఆహార కర్మాగారాల తనిఖీకి చట్టం చేసింది.

గుర్రాలలో మెదడువాపు వ్యాధి

మేయర్ పేరును చిరస్థాయిగా నిలిపిన పరిశోధనలలో ఇది ముఖ్యమైనది. అమెరికాలో వేసవి చివరలో గుర్రాలు వింతజబ్బుతో మరణించడం అంతకుముందు కూడా అనేకమార్లు జరిగింది. 1912లో కాన్సాస్, నెబ్రాస్కా తదితర మైదాన ప్రాంతాలలో సుమారు 35,000 గుర్రాలు చనిపోయాయి. వ్యాధి సోకిన గుర్రానికి మొదట జ్వరం వచ్చేది. తరువాత మగతగా తల వాల్చి నిలబడేది, గుండ్రంగా తిరిగేది, కంచెలకు, గోడలకు తల ఆనించి నెట్టేది. చివరకు కాళ్ళు చచ్చుబడి కూలిపోయేది. బతికిన వాటిలో కొన్ని తిరిగి పనికి పనికివచ్చేవి కావు. బూజుపట్టిన మేత వలన ఇలా జరుగుతున్నదని అప్పటి పశువైద్యులలో చాలామంది నమ్మేవారు.

1930 వేసవిలో కాలిఫోర్నియా మధ్యభాగంలోని శాన్ వాకీన్ లోయలో ఇదే జబ్బు విజృంభించింది. సుమారు 6,000 గుర్రాలు, కంచరగాడిదలు జబ్బుపడగా వాటిలో దాదాపు సగం మరణించాయి. ట్రాక్టర్లు ఇంకా అందరికీ అందుబాటులోకి రాని రోజులవి. దుక్కికి, బండికి గుర్రమే ఆధారమైన రైతుకు ఒక్క జత పోయినా ఆ ఏడు సేద్యం సాగేది కాదు. పైగా అప్పటికే అమెరికాలో ఆర్థికమాంద్యం మొదలైంది.

మేత విషమే కారణమన్న అనుమానం ఉన్నందున, బోటులిజంలో నిపుణుడైన మేయర్ దృష్టి సహజంగానే దీనిపై పడింది. కానీ వ్యాధి లక్షణాలు బోటులిజంతో సరిపోలలేదు. బోటులిజంలో జ్వరం ఉండదు, మెదడు వాపు ఉండదు. ఈ గుర్రాలలో రెండూ ఉన్నాయి. జబ్బు వేసవిలో మొదలై చలి రాగానే తగ్గిపోవడం కూడా మేతను తప్పుపట్టే వాదనకు అనుకూలంగా లేదు.

వైరస్ గుర్తింపు

మేయర్ బృందం చనిపోయిన గుర్రాల మెదడు భాగాలను ప్రయోగశాల జంతువులకు ఎక్కించినా మొదట ఫలితం రాలేదు. చివరి దశకు చేరిన గుర్రం మెదడులో వ్యాధికారకం మిగిలి ఉండకపోవచ్చునని, జబ్బు మొదటి దశలో ఉన్న గుర్రం మెదడు కావాలని మేయర్ భావించాడు. అయితే కోలుకుంటుందన్న ఆశ ఉన్నంతవరకు ఏ రైతూ తన గుర్రాన్ని చంపడానికి అంగీకరించడు.

ఈ సందర్భంలో మెర్సెడ్ ప్రాంతంలో జరిగిన ఒక సంఘటన మేయర్ జీవితచరిత్రలలో తరచుగా కనిపిస్తుంది. జబ్బుపడిన గుర్రం ఉన్న రైతు ఎంత అడిగినా దానిని ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మేయర్ ఆ రైతు భార్యతో మాట్లాడి 20 డాలర్లు ఇచ్చాడని, భర్త నిద్రపోయాక ఆమె సైగ చేసిందని, చీకటిలో గుర్రం తలను వేరుచేసి కారులో వేసుకుని ఆ రాత్రే శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడని చెబుతారు. యజమాని అనుమతి లేకుండా ఇలా చేయడం నేటి పరిశోధనా నియమాల ప్రకారం ఒప్పుకోదగిన పని కాదు. కానీ అన్వేషణ మలుపు తిరిగింది మాత్రం తాజాగా సేకరించిన మెదడుతోనే.

ఆ మెదడు నుండి తయారుచేసిన ద్రావణాన్ని గినీపందులు మొదలైన జంతువులకు ఎక్కించగా అవి మెదడువాపు లక్షణాలతో మరణించాయి. బాక్టీరియాను అడ్డుకునే సన్నని వడపోతల గుండా పంపినా ఆ ద్రావణానికి వ్యాధిని కలిగించే శక్తి పోలేదు. దానిని ఆరోగ్యవంతమైన గుర్రాలకు ఎక్కించినపుడు అదే జబ్బు వచ్చింది. దీనితో వ్యాధికారకం వైరస్ అని రుజువైంది. మేయర్, క్లారెన్స్ హేరింగ్, బియాట్రిస్ హోవిట్ ఈ ఫలితాలను 1931లో ప్రకటించారు. 1933లో అమెరికా తూర్పుతీరంలో గుర్రాల నుండి వేరుచేసిన వైరస్ దీనికి భిన్నమైనదని తేలడంతో, కాలిఫోర్నియా వైరస్‌కు వెస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ (పశ్చిమ అశ్వ మెదడువాపు) వైరస్ అనే పేరు వచ్చింది. 1938లో వెనిజులాలో మూడవ రకాన్ని గుర్తించారు.

మనుషులకు సంక్రమణం

ఈ జబ్బు గుర్రాలకే పరిమితమన్న అభిప్రాయాన్ని మేయర్ మొదటినుండీ అనుమానించాడు. జబ్బు గుర్రాల మధ్య పనిచేసిన కొందరికి మెదడువాపు రావడాన్ని గమనించి, ఇదే వైరస్ కారణం కావచ్చునని 1932లో రాశాడు. ఆరేళ్ళ తరువాత ఈ ఊహ నిజమైంది. 1938లో కాలిఫోర్నియాలో మెదడువాపుతో మరణించిన ఒక శిశువు మెదడు నుండి హోవిట్ ఈ వైరస్‌ను వేరుచేసింది. అదే సంవత్సరం మసాచుసెట్స్‌లో తూర్పు రకం వైరస్ పిల్లల మరణాలకు కారణమైంది. ఆ ఒక్క ఏడాదే అమెరికాలో 1,84,000కు పైగా గుర్రాలు, కంచరగాడిదలు మెదడువాపు బారిన పడ్డాయి. గుర్రాలకు కోడిపిండంలో పెంచిన నిర్జీవ వైరస్ టీకా కూడా ఆ రోజులలోనే వచ్చింది.

1941లో అమెరికా ఉత్తర మైదానాలలోనూ కెనడాలోనూ మూడువేల మందికి పైగా మెదడువాపు సోకింది. పశ్చిమ రకం మనుషులలో మరణాలు తక్కువగానే కలిగిస్తుంది. కాని శైశవంలో సోకినవారిలో కొందరికి మూర్ఛలు, బుద్ధిమాంద్యం వంటివి జీవితాంతం మిగిలిపోతాయి. తూర్పు రకం అరుదైనా, సోకి మెదడువాపు వచ్చినవారిలో సుమారు మూడోవంతు మంది మరణిస్తారు.

దోమల పాత్ర

వ్యాధి వేసవిలోనే రావడం, ఒక గుర్రం నుండి పక్కనే ఉన్న గుర్రానికి తాకుడు వలన అంటకపోవడం చూసి, కీటకాల పాత్ర ఉండవచ్చునన్న అనుమానం బలపడింది. 1933లో రేమండ్ కెల్సర్ అనే సైనిక పశువైద్యుడు ఈడిస్ ఈజిప్టై దోమ ఈ వైరస్‌ను ఒక జంతువు నుండి మరొకదానికి చేర్చగలదని ప్రయోగశాలలో చూపాడు. అయితే ఆరుబయట ఆ పని చేస్తున్న దోమ ఏదో తేలలేదు.

ఈ ప్రశ్నను హూపర్ సంస్థలో విలియం హామన్, విలియం రీవ్స్ చేపట్టారు. 1941 వేసవిలో వారు వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో వేలాది దోమలను పట్టి, జాతుల వారీగా వేరుచేసి పరీక్షించారు. క్యూలెక్స్ టార్సాలిస్ అనే దోమలో పశ్చిమ అశ్వ మెదడువాపు వైరస్, సెయింట్ లూయిస్ మెదడువాపు వైరస్ రెండూ దొరికాయి. ఈ దోమ సాగునీరు నిలిచిన పొలాలలో, పచ్చికబయళ్ళలో పెరుగుతుంది. ఎక్కువగా పక్షులను కుడుతుంది, అవకాశం దొరికినపుడు గుర్రాలనూ మనుషులనూ కుడుతుంది.

దీనితో వ్యాధిచక్రం స్పష్టమైంది. వైరస్ పక్షులకు, దోమలకు మధ్య తిరుగుతూ ఉంటుంది. పక్షుల రక్తంలో అది విపరీతంగా పెరుగుతుంది కాని పక్షులు సాధారణంగా జబ్బుపడవు. వేసవి ముదిరి దోమలు పెరిగినపుడు వైరస్ గుర్రాలకు, మనుషులకు చేరుతుంది. గుర్రం రక్తంలో ఈ వైరస్ చాలినంతగా పెరగదు కనుక గుర్రాన్ని కుట్టిన దోమ మరొకరికి వ్యాధిని అంటించలేదు. అందుచేత గుర్రాన్ని ఈ వైరస్‌కు అంతిమ ఆతిథేయి అంటారు. జబ్బు గుర్రాన్ని చూసి భయపడవలసిన పని లేదు. అది జబ్బుపడటం మాత్రం ఆ ప్రాంతంలో వైరస్ గల దోమలు ఉన్నాయనడానికి గుర్తు.

వెనిజులా రకం ఇందుకు మినహాయింపు. మహమ్మారిగా వ్యాపించే దాని రూపాలు గుర్రాల రక్తంలో అధికంగా పెరిగి దోమలకు తిరిగి సోకుతాయి. 1971లో ఇది మెక్సికో మీదుగా టెక్సాస్ చేరినపుడు లక్షలాది గుర్రాలకు టీకాలు వేసి, వాటి రవాణాను నిలిపి, దోమల మందు చల్లి అదుపుచేశారు.

నిఘా పద్ధతులు

పై పరిశోధనల నుండి అశ్వవ్యాధుల నిఘా పద్ధతి రూపుదిద్దుకొన్నది. గుర్రాలు రాత్రింబవళ్ళు ఆరుబయట ఉంటాయి, దోమకాటు నుండి తప్పించుకోలేవు. అందుచేత మనుషులలో కేసులు బయటపడటానికి ముందే తరచుగా గుర్రాలలో వ్యాధి కనబడుతుంది. పశువైద్యుడు అనుమానిత గుర్రం గురించి తెలియజేస్తే, ప్రయోగశాలలో రక్తపరీక్ష చేసి నిర్ధారిస్తారు. రక్తంలో తొలిదశ ప్రతిరక్షకాలు ఉంటే ఆ సంక్రమణ ఇటీవలిదని అర్థం. అప్పుడు ఆ ప్రాంతంలో దోమల నిర్మూలన ముమ్మరం చేసి, ప్రజలను హెచ్చరిస్తారు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. టీకా వేసిన గుర్రానికి జబ్బు రాదు కనుక టీకాలు విస్తరించిన కొద్దీ గుర్రం ఇచ్చే హెచ్చరిక తగ్గిపోతుంది. ఈ లోటును పూడ్చడానికి కాపలా కోళ్ళను వాడతారు. ఎంచుకున్న చోట్ల కొన్ని కోళ్ళను ఉంచి, నిర్ణీత వ్యవధిలో వాటి రక్తం పరీక్షిస్తారు. వైరస్ సోకితే పెద్ద కోళ్ళు జబ్బుపడవు కాని వాటి రక్తంలో ప్రతిరక్షకాలు ఏర్పడతాయి. దీనితోపాటు వలలతో దోమలను పట్టి, ఒకే జాతి దోమలను గుంపులుగా చేర్చి వైరస్ కోసం పరీక్షిస్తారు. రీవ్స్ కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో దశాబ్దాల తరబడి చేసిన పరిశీలనలు ఈ విధానానికి శాస్త్రీయ బలం చేకూర్చాయి.

1999లో న్యూయార్క్‌లో వెస్ట్ నైల్ వైరస్ ప్రవేశించి, కొద్ది సంవత్సరాలలో అమెరికా అంతటా వ్యాపించినపుడు ఈ నిఘా వ్యవస్థ మరల అక్కరకు వచ్చింది. ఆ వైరస్ కూడా పక్షులు, క్యూలెక్స్ దోమల మధ్య తిరుగుతూ గుర్రాలకు, మనుషులకు సోకేదే.

ఇతర పరిశోధనలు

1929-30లో పెంపుడు చిలకల ద్వారా వ్యాపించే జ్వరం అనేక దేశాలలో మరణాలకు కారణమైంది. కాలిఫోర్నియాలో పెంచే చిన్న చిలకలలో పైకి కనిపించకుండా ఈ సంక్రమణ దాగి ఉన్నదని మేయర్, బెర్నిస్ ఎడ్డీ కనుగొన్నారు. పడమటి రాష్ట్రాల అడవి ఎలుకలలో, ఉడుతలలో తిష్ఠ వేసిన ప్లేగు వ్యాధిని మేయర్ దీర్ఘకాలం అధ్యయనం చేశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు ప్లేగు టీకా రూపొందించడంలో తోడ్పడ్డాడు. 1927లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడినపుడు, ఆ విషం సముద్రంలోని సూక్ష్మజీవుల నుండి ఆల్చిప్పలకు చేరుతున్నదని సోమర్‌తో కలిసి 1937లో వెల్లడించాడు.

గౌరవాలు, మరణం

1940లో మేయర్ అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1951లో లాస్కర్ పురస్కారం లభించింది. 1954లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా ప్రయోగశాలకు వెళ్ళడం మానలేదు. ప్లేగు పరిశోధన కొనసాగించాడు. 1974 ఏప్రిల్ 27న, తొంభయ్యవ జన్మదినానికి మూడు వారాల ముందు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించాడు. పోలియో టీకా రూపకర్త ఆల్బర్ట్ సేబిన్ ఇతని జీవితచరిత్రను విజ్ఞానశాస్త్ర అకాడమీ కోసం రచించాడు.

ప్రాముఖ్యత

మేయర్ గుర్తించిన వైరస్ వలన అమెరికాలో మనుషులకు జబ్బు రావడం ఇటీవలి దశాబ్దాలలో చాలా అరుదైంది. అయినా అది అంతరించలేదు. 2023-24లో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలలో వేల గుర్రాలలో ఈ వ్యాధి వ్యాపించి, అర్జెంటీనాలో వందమందికి పైగా మనుషులకు కూడా సోకింది. అక్కడ కూడా మొదట బయటపడింది గుర్రాలలోనే.

భారతదేశంలో ఇదే కోవకు చెందినది జపనీస్ మెదడువాపు వ్యాధి. మన దేశంలో దీని ఉనికి 1955లో వెల్లూరులో మొదట బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఇది పెద్ద మహమ్మారిగా వచ్చి అనేకమంది పిల్లల ప్రాణాలు తీసింది. వరిపొలాలలో పెరిగే క్యూలెక్స్ దోమలు దీనికి వాహకాలు. కొంగలు, పందులలో వైరస్ పెరుగుతుంది. మనిషి వలెనే గుర్రం కూడా దీనికి అంతిమ ఆతిథేయి. హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం గుర్రాలలో పరిశీలించే వ్యాధులలో ఇది ఒకటి. పశువైద్యం, మానవవైద్యం, కీటకశాస్త్రం కలిసి పనిచేస్తేనే ఇటువంటి వ్యాధులను అదుపుచేయగలమని మేయర్ తన పరిశోధనల ద్వారా చూపాడు. ఏక ఆరోగ్యం అనే పేరుతో నేడు ప్రపంచ దేశాలు అనుసరిస్తున్న విధానం ఇదే.